అక్కకు నప్పిన రంగు

"మేడమ్, ఏ రంగు నప్పుతుందో మనం చెప్పాక కూడా వాళ్లు నప్పనిదే కట్టుకుంటే, మన విద్య వృథా అయినట్టే కదా?" అని సుచరిత ఒకనాడు రాజ్యశ్రీ గారిని అడిగింది.

కాకినాడలో రాజ్యశ్రీ గారు ఎవరి ముఖఛాయకు ఏ రంగు బట్టలు నప్పుతాయో చూసి చెప్పేవారు. రంగులను ఆవిడ ఋతువుల వారీగా విడదీసుకున్నారు. గడ్డం కింద గుడ్డముక్కలు ఒక్కొక్కటే పరిచి, ఏ ఋతువు రంగులకు ముఖం తేటపడుతుందో, వేటికి వాడిపోతుందో చూపించేవారు. సుచరిత ఆవిడ దగ్గర ఆ పని నేర్చుకుంటోంది.

ఆవిడ గుడ్డముక్కల పెట్టె సుచరిత ముందుకు జరిపారు. "మధ్యాహ్నం ఇద్దరు అక్కచెల్లెళ్లు వస్తున్నారు. వాళ్లకు నువ్వే చూడు," అన్నారు.

వచ్చినవాళ్లు మాణిక్యాంబ, ఆవిడ చెల్లెలు కనకవల్లి. డెబ్బైకి దగ్గరపడ్డవాళ్లు. ఇద్దరూ చిలకపచ్చ చీరలే కట్టుకున్నారు. మాణిక్యాంబ మనవడి పెళ్లికి జంటగా ఒకే రంగు పట్టుచీరలు కావాలన్నారు. చిన్నప్పటి నుంచీ పండగకైనా, పెళ్లికైనా వాళ్లకదే అలవాటట. అదీ ఎక్కువగా పచ్చే.

సుచరిత ముందు చెల్లెల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడకు నప్పేవి వసంతపు రంగులు. చిలకపచ్చ పరచగానే ఆవిడ ముఖం కళకళలాడింది. తర్వాత అక్క కూర్చుంది. అదే పచ్చకు ఆవిడ చెంపలు పాలిపోయాయి, కళ్ల కింద నలుపు తేలింది. శిశిరపు రంగుల్లోంచి నేరేడుపండు రంగు తీసి పరిస్తే మాత్రం ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది సుచరిత.

"ఈ పచ్చ మీకు నప్పదండీ. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదా?"

మాణిక్యాంబ నవ్వింది. "మా ఇంట్లో అద్దం లేదనుకున్నావా అమ్మా? తెలుసు."

"మరి?"

"మా అమ్మ పోయేనాటికి ఇది పసిది. నాకు ఏ రంగు గౌను కుట్టిస్తే దీనికీ అదే కావాలి. వేరేది తొడిగితే, నన్ను వదిలేస్తావా అక్కా అని ఒకటే ఏడుపు. పచ్చలో దీని మొహం ఎంత ముద్దుగా ఉండేదో! సరే, ఇద్దరికీ అదే కానీ అన్నాను నాన్నతో."

"ఎన్ని ఫొటోలక్కా! అన్నిట్లోనూ నేనే బావున్నానని మురిసిపోయేదాన్ని," అంది కనకవల్లి. లేచి వచ్చి, అక్క భుజం మీది నేరేడు గుడ్డ తీసి తన భుజాన వేసుకుంది. ఆ రంగుకు ఆవిడ ముఖం వాడిపోయింది. అద్దంలో అది చూసుకుని కూడా, "రెండు చీరలూ ఇదే రంగు," అంది.

"నీకది నప్పలేదే, పిచ్చిదానా!"

"పచ్చ నీకు నప్పిందా?"

సుచరిత కల్పించుకుంది. "ఇద్దరికీ నప్పే రంగు ఇంకోటి చూద్దామండీ."

"వద్దమ్మా," అంది కనకవల్లి. "ఇన్నాళ్లూ నాకోసం అక్క పచ్చ కట్టింది. అక్కకోసం ఒక్క పెళ్లికి నేను ఇది కట్టలేనా?"

మాణిక్యాంబ గుడ్డ లాక్కోబోయింది. చెల్లెలు వదల్లేదు. అలా కాసేపు పెనుగులాడి, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగి వెళ్లాక సుచరిత నిట్టూర్చింది. "ఉన్నది ఉన్నట్టే చెప్పాను మేడమ్. అయినా చిన్నావిడ నప్పనిదే ఏరుకుంది."

రాజ్యశ్రీ గారు గుడ్డలు మడతపెడుతూ అన్నారు: "నువ్వు చెప్పకపోయి ఉంటే, ఆ చెల్లెలు అక్కకు ఏమివ్వగలిగేది?"