చెదలు నెత్తిన మట్టికప్పు ఎందుకు వేసుకుంటాయి?

ఒకప్పుడు చెదపురుగులు ఆరుబయటే నడిచేవి. చీమల్లాగే, ఎండలో, అందరి కళ్ళముందూ. వాటికి మాత్రం కళ్ళు లేవు. ముందువాళ్ళ వాసన పట్టుకుని వెనకవాళ్ళు నడవాలి. ఎక్కడికి, ఎందుకు అని అడగకూడదు. అదీ వాటి కట్టుబాటు.

ఒక పుట్టలో తెల్లి అనే చెదపురుగు ఉండేది. అది అడిగేది.

"పెద్దమ్మా, నిన్న కుండలో పేడ తినడానికి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ ఇంటికి రాలేదు. ఎందుకని?"

"కడుపునిండా తిని కునుకు తీస్తున్నారేమో."

"మొన్న వెళ్ళినవాళ్ళు కూడానా? అంత నిద్రా?"

"అబ్బ, నీ నోరు నొప్పెట్టదుటే? నడు, నడు!" అని పెద్దమ్మ వరస ముందుకెళ్ళిపోయింది.

తెల్లికి వెళ్ళాలనిపించలేదు. కానీ చెల్లెలు బుల్లి అప్పటికే వరసలో దూరిపోయింది. దాన్ని ఎలా వదుల్తుంది? తనూ వెళ్ళింది.

వరస ఆ కుండ దగ్గరికే చేరింది. అడవిలో ఎవరో దాన్ని బోర్లించి పెట్టారు. లోపల తడిపిన పేడ, ఎండుగడ్డి. అందరూ లొట్టలేసుకుంటూ తింటున్నారు. తెల్లి మాత్రం ముద్ద ముట్టలేదు.

"పోదాం పదవే బుల్లీ!"

"ఉండక్కా, ఇంకొక్క ముక్క!"

అంతలో కుండ పైకి లేచింది. ఎవరో వాళ్ళని ఆకుదొప్పలోకి దులిపేశారు. వేటగాడు బయ్యన్న, అతని పెళ్ళాం నాగులమ్మ.

"ఏమయ్యా, నాలుగు జొన్నగింజలు జల్లితే పోదూ? ఈ పురుగుల గొడవెందుకు?"

"గింజలు అడవినిండా ఉన్నాయే పిచ్చిదానా. ఇప్పుడు కౌజు పిట్టల వెంట పిల్లలున్నాయి. వాటికి మెత్తటి పురుగే కావాలి. చెదలు జల్లితే కౌజు ఉచ్చులోకి రాకుండా ఉంటుందా?"

తెల్లికి అప్పుడు అర్థమైంది. తిరిగి రానివాళ్ళు నిద్రపోలేదు. ఎరైపోయారు!

బయ్యన్న ఒక కొమ్మని వంచి, దానికి ఉచ్చు కట్టి, ఉచ్చు మధ్యలో చెదల్ని జల్లి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేల అదిరింది. టక్, టక్, టక్. పెద్ద అడుగులు. వెనకాలే బోలెడు చిన్న అడుగులు.

"పిల్లలూ, రండర్రా! విందు!" అంది తల్లి కౌజు.

"ఆగు కౌజక్కా!" తెల్లి అరిచింది. "మెడ వంచావో, ఉచ్చులో పడతావు!"

కౌజు పకపకా నవ్వింది. "తిండి మాట్లాడటం ఇదే వినడం. ప్రాణభయంతో ఎన్నయినా చెప్తావే నువ్వు!"

"అవును, ప్రాణభయమే! భయపడి చెప్తే నిజం అబద్ధమైపోతుందా? నన్ను నమ్మొద్దు, నీ కాలిని నమ్ము. వంగేముందు ఒక్కసారి నేల గీకి చూడు. ఉచ్చు లేకపోతే మొదట నన్నే మింగు!"

"అక్కా, ఏమంటున్నావే!" బుల్లి ఏడుపు అందుకుంది.

కౌజు తటపటాయించింది. పిల్లలు ఆకలితో కిచకిచమంటున్నాయి. సరే, చూద్దాం అని కాలు చాచి బర్రున గీకింది. మట్టి ఎగిరిపడింది. అది ఉచ్చుకి తగిలి, వంగిన కొమ్మ సర్రున లేచింది. ఖాళీ ఉచ్చు గాల్లో బిగుసుకుంది.

"అమ్మో, నా మెడ!" కౌజు ఎగిరి అవతల పడింది.

"నా ప్రాణం కాపాడావే చెల్లీ. నీ మేలు మరిచిపోను," అంది. అంతలోనే, "అయితే, నా పిల్లలకి ఆకలి కదా మరి," అంటూ ముక్కు చాచింది.

కానీ ఎగిరిన మట్టి చెదలమీద పడి కప్పేసింది. ముక్కుకి ఏమీ తగల్లేదు. కౌజు మళ్ళీ గీకింది. మళ్ళీ, మళ్ళీ గీకింది. ఆ గోళ్ళ చప్పుడుకి కింద అందరూ గజగజలాడారు.

"ఎవరూ తల బయటపెట్టొద్దు!" తెల్లి గొంతు తగ్గించి చెప్పింది. "ఉమ్మితో మట్టి అతకండి. నెత్తిన కప్పు వేసుకుంటూ నడవండి."

"ఇలా ఎవరూ నడవలేదే!" అంది పెద్దమ్మ.

"అందుకే ఎవరూ తిరిగి రాలేదు పెద్దమ్మా!"

పెద్దమ్మ గబగబా మట్టి అతకడం మొదలుపెట్టింది. బుల్లి తెల్లి వెనకాలే అతుక్కుని నడిచింది. అందరూ ఇల్లు చేరారు.

అప్పటినుంచే చెదలు చెట్టెక్కినా గోడెక్కినా, నెత్తిన మట్టికప్పు వేసుకుని దాని కిందే నడుస్తాయి. కౌజు ముందు నేల గీకి, ఆ తరవాతే మెడ వంచుతుంది. మీరు ఆ మట్టికప్పుని కాస్త చిదిపి చూడండి. లోపలివాళ్ళు పరుగెత్తుకొచ్చి కంత పూడ్చేస్తారు, గోళ్ళ చప్పుడు ఇంకా నెత్తిమీదే వినిపిస్తున్నట్టు.