ఓబులమ్మ చెవి

సోమనారాధ్యులవారు వైద్యం చేస్తూనే శిష్యులకు వేదాంతం చెప్పేవారు. ఒకనాడు భైరవయ్య అనే శిష్యుడు ఆయన్ను అడిగాడు: "అయ్యవారూ, లేనిదాన్ని ఊహించుకుని భయపడేవాళ్లకు, అక్కడ ఏమీ లేదని గట్టిగా చెబితే చాలదా?"

పక్క ఊరి రైతు తిమ్మప్ప దగ్గర నుంచి అప్పుడే కబురొచ్చింది. ఆయన సంచీ తీసుకుని, శిష్యుణ్ణి వెంట రమ్మన్నారు.

అక్కడ తిమ్మప్ప భార్య ఓబులమ్మ కుడిచెవిని అరచేత్తో అదిమిపట్టి గోడకు తల బాదుకుంటోంది. జొన్నకోత నుంచి వచ్చి కొట్టంలో కాసేపు కునుకు తీసిందట. లేచినప్పటి నుంచి తలలో ఎవరో తవ్వుతున్నారనీ, ఉండుండి ఉరుముతున్నారనీ అంటోంది. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే ఆమె తలకు చెవి ఆనించి విన్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు. వాళ్లు ఏమీ లేదన్నకొద్దీ ఆమెకు భయం ఎక్కువైంది. చివరికి అత్త భూతవైద్యుణ్ణి పిలిపించింది. నడినెత్తిన వాత పెడితే పట్టినది వదిలిపోతుందన్నాడతను. వాకిట్లో నిప్పుల మీద ఇనుపకడ్డీ ఎర్రబడుతోంది.

కడ్డీని చూసి భైరవయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఓబులమ్మ మాత్రం తానే తల వంచింది. "పెట్టండి సామీ. ఈ చప్పుడు కంటే అదే నయం" అంది.

ఆరాధ్యులవారు భూతవైద్యుణ్ణి ఆగమని, ఆమె చెవిని ఎండవైపు తిప్పి కూర్చోబెట్టారు. చెవిడొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపలి వంకరదారి కాస్త చక్కబడ్డాక పరీక్షగా చూశారు. తర్వాత గోరువెచ్చని నువ్వుల నూనె చెవి నిండా పోశారు. రొద ఒక్కసారిగా పెరిగింది కాబోలు, ఓబులమ్మ కెవ్వున అరిచి భర్త చెయ్యి పట్టుకుంది. మెల్లగా ఆమె పట్టు సడలింది. ఊపిరి బిగబట్టి చాలాసేపు వింది. తల పక్కకు వంచగానే నూనెతోపాటు గోధుమగింజంత నల్లపురుగు జారిపడింది.

ఓబులమ్మకు నమ్మబుద్ధి కాలేదు. అంత చప్పుడూ దీనిదేనా అని అడిగింది.

ఆయన వివరించి చెప్పారు. చెవి దారి చివర ఉల్లిపొరలాంటి పలుచని తోలు బిగించి ఉంటుంది. దాని వెనక మూడు చిన్న ఎముకలు, వాటికి అవతల నీళ్లు నిండిన నత్తగుల్లలాంటి అర. ఎక్కడో పొలంలో పిలిచిన పిలుపును కూడా ఆ తోలు అందుకుని లోపలికి పంపుతుంది. అలాంటి తోలు మీదే కాళ్లు పెట్టి, వెనక్కి తిరిగే చోటులేక పురుగు గింజుకుంది. అది బయటివాళ్లకు ఎలా వినబడుతుంది?

తిరుగుదారిలో ఏరు దాటాక భైరవయ్య, "పురుగు ఉంది కాబట్టి సరిపోయింది అయ్యవారూ, లేకపోయి ఉంటే?" అని అడిగాడు.

"ఇంకా లోపలికి చూడవలసి వచ్చేది" అన్నారు ఆరాధ్యులవారు.