అంచు మార్చని తివాచీలు

ఒక రాజుగారి కొత్త మందిరంలో కొలువుకీ భోజనాలకీ మధ్య గోడ లేదు. రెండు వైపులకీ తివాచీలు కావలసివచ్చాయి.

"రంగు ఒకటే ఉంచి, భోజనాల వైపు అంచు మారుస్తాను దొరా. ఎటు కూర్చోవాలో జనానికి తెలుస్తుంది" అన్నాడు నేతగాడు ఈరన్న.

"నాకే చెబుతావా? రెండూ ఒక్కలాగే నెయ్యి!" అన్నాడు దివాను. ఈరన్న నేశాడు. వెంట్రుకవాసి తేడా లేదని దివాను రాజుగారి ముందు గొప్పలు పోయాడు.

విందు రోజున, "నీకు పంక్తిలో చోటు లేదు, కొలువు తివాచీ మీద కూర్చో" అని దివాను ఈరన్నను కసిరాడు. ఈరన్న తిన్నగా వెళ్లి పంక్తిలో దివాను చోట్లోనే కూర్చున్నాడు. విస్తరి వేసి వడ్డించేశారు.

"లేవరా! ఇది భోజనాల తివాచీ!"

"తేడా ఉందా దొరా? లేదన్నారే!"

దివాను రాజుగారి వైపు తిరిగాడు. వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం ఆ ఇంట ఆచారం కాదు.

"దివానుగారూ, మీరు అవతలి తివాచీ మీద కూర్చోండి" అన్నారు రాజుగారు అన్నం కలుపుకుంటూ. "రెండూ ఒకటేగా."