ఏడో మెట్టు తగాదా

తుమ్మలకోట రాజుగారికి ఒకనాటి పొద్దున్నే పడమటి మబ్బు మీద అనుమానం వచ్చింది. అది వాన మబ్బా, ఉత్త మబ్బా అని.

"పేరిభట్టూ, నగారా బురుజెక్కి చూసి రావయ్యా!" అన్నారు.

కోటలో ఇంతమంది సన్నటివాళ్లుండగా రాజుగారి చూపు తన మీదే ఎందుకు పడిందో పేరిభట్టుకి తెలుసు. తనెక్కడ నిలబడినా చూపు పడడానికి జాగా ఎక్కువ. కొలువులో నవ్వించి బతికే మనిషాయన. ఆ హాస్యంలో ముప్పాతిక వంతు సొంత పొట్ట మీదే.

సరే, వెళ్లాడు. బురుజుకి కర్రమెట్లు. ఏడో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, పలక కాస్తా పక్కకి ఒరిగింది. "అమ్మోయ్!" అంటూ నేల మీదికొచ్చి పడ్డాడు. పలక ఏమీ ఎరగనట్టు మళ్లీ తన చోట సర్దుకుంది. భట్టు కుడికాలి ఎముక మాత్రం సర్దుకోలేదు.

వైద్యుడొచ్చి కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుబద్దలు వేసి కట్టు కట్టాడు. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నాడు.

"గుడ్డు ముట్టని వంశం మాది. ఇవాళ మోకాలిదాకా మైలపడ్డాను" అని నవ్వాడు భట్టు. పైకి నవ్వాడు గాని, లోపల కొలువు పోతుందన్న బెంగే.

ఎందుకంటే ఆ కొలువులో ఒక కట్టుబాటుంది. రాజుగారు తప్ప ఎవరూ కూర్చోకూడదు. నిలబడలేనివాడు కొలువు వదులుకోవాల్సిందే. అయితే ఎవరైనా తెలిసీ అశ్రద్ధ చేసినందువల్ల ఎముక విరిగిందని తేలితే, అది అతికేదాకా ఆ మనిషే దెబ్బ తిన్నవాణ్ణి వీపున మోసుకురావాలి, తిండీ పెట్టాలి. అంచేత భట్టుకి రెండే దార్లు. కోట మరమ్మతులు చూసే మల్లినాయుడి మీద ఫిర్యాదు నెగ్గడం, లేదా ఇంట్లో ఏడుగురినీ వెంటేసుకుని వీధిన పడడం.

తగువు పుట్టిన చోటే తీర్పు చెప్పడం అక్కడి ఆనవాయితీ. మూడో రోజు రాజుగారు బురుజు కిందికే వచ్చారు. భట్టుని మంచంతో సహా మోసుకొచ్చారు. మల్లినాయుడు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. సాముగరిడీల్లో ఆరితేరిన మనిషి, ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునే మనిషి.

"మహారాజా, పోయిన వారం కొలువులో ఈయనేమన్నారు? 'చదును నేల మీద కూడా నా పొట్ట ముందు పోతుంది, నేను వెనక పడతాను' అన్నారా లేదా? తమరు కూడా నవ్వారు!"

"నవ్వాను" అని ఒప్పుకున్నారు రాజుగారు.

"'నన్ను చూస్తే మా ఇంటి గడప కూడా వణుకుతుంది' అన్నారా లేదా?"

భట్టు తల గోక్కున్నాడు. "అన్నాను నాయుడుగారూ. నా నోటిదూలకి నేనే సాక్షిని."

"చూశారా ప్రభూ! తప్పు ఆ ఒంటిది, నా మెట్లది కాదు. ప్రతి మెట్టూ నేనే తట్టి చూసుకుంటాను. ఏనుగెక్కినా కదలవు!"

రాజుగారు నిట్టూర్చారు. "నీ మాటలే నిన్ను ముంచాయి భట్టూ. ఇంకేమైనా చెప్పుకుంటావా?"

"ఇంకేం చెప్పుకోను మహారాజా, ఓడిపోయాను. ఒక్కటే మనవి. తమరు మబ్బు చూసి రమ్మన్నారు, చూడకుండానే పడ్డాను. ఆ ఆఖరి పనైనా పూర్తి చేసి పోతాను. నాయుడుగారు నన్ను వీపున ఎక్కించుకుని ఒక్కసారి పైకి తీసుకెళ్తే చాలు."

"పాపం, అంతేనా! నాయుడూ, ఎత్తుకోవయ్యా."

నాయుడి ముఖం మాడిపోయింది. "భట్టుగారు మరీ బరువేమో ప్రభూ... మెట్లు..."

మంచం మీంచి భట్టు అందుకున్నాడు.

"ఏనుగుకి నేను పిసరంత తక్కువే నాయుడుగారూ, భయపడకండి!"

అందరూ గొల్లుమన్నారు. ఇంక మీసం ఉన్నవాడు వెనక్కి ఎలా తగ్గుతాడు? మూలుగుతూ భట్టుని వీపుకెత్తుకున్నాడు. ఒకటి, రెండు, మూడు... ఆరో మెట్టు దాకా ఎక్కాడు. ఎక్కి ఆగాడు.

కుడికాలు లేచింది. ఎనిమిదో మెట్టు వైపు చాచబోయింది, బరువుకి తూలి వెనక్కొచ్చింది. ఏడో మెట్టు దగ్గరికెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది. నాయుడికి ముచ్చెమటలు పోశాయి.

వీపు మీద భట్టు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. దేవుడా, ఈయనకి ఇప్పుడు మాత్రం ధైర్యం ఇవ్వకు, నాకు మిగిలింది ఒక్క కాలే అని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఆగిపోయావేం?" అన్నారు రాజుగారు.

"క్షమించాలి ప్రభూ! ఏడో మెట్టు మేకు ఊడి రెండు నెలలైంది. ఇవాళ కొట్టిస్తాను, రేపు కొట్టిస్తాను అనుకుంటూ..." అని గొణిగాడు నాయుడు.

"అంటే తెలిసే వదిలేశావన్నమాట! భట్టూ, ఇతను ఆగుతాడని నీకెలా తెలుసయ్యా?"

"కాలు విరిగి నేను కింద పొర్లుతుంటే నా అరుపులు విని నాయుడుగారు పైనుంచి పరుగున దిగొచ్చారు మహారాజా. అంత తొందరలో కూడా ఎనిమిదో మెట్టు మీంచి ఆరో మెట్టు మీదికి గెంతారు. ఒట్టి చేతులతో పంపితే ఇవాళా గెంతేసేవారు."

భట్టు నాయుడి వీపు మీంచే, పక్కకి పొంగిన తన పొట్ట నిమురుకున్నాడు.

"నన్ను మోస్తూ గెంతగల మొనగాడు ఇంకా పుట్టలేదు ప్రభూ!"

రాజుగారు పగలబడి నవ్వారు. అక్కడికక్కడే చేతి కంకణం తీసి భట్టుకిమ్మన్నారు. ఎముక అతికేదాకా మోతా, మేతా రెండూ నాయుడివేనని తీర్పు చెప్పేశారు.

నాయుడు రొప్పుతూ కిందికి దిగాడు. "మోస్తానండీ భట్టుగారూ, తప్పుతుందా. కాకపోతే ఆ మూడు నెలలూ కాస్త తిండి తగ్గిస్తారా?" అన్నాడు దీనంగా.

భట్టు ఆయన చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేట్టే చెప్పాడు.

"మీ ఇష్టం నాయుడుగారూ. బాగా పెడితే బరువు పెరుగుతాను. తక్కువ పెడితే ఎముక అతకదు, ఏడాదంతా మొయ్యాలి!"

రాజుగారు నవ్వలేక నవ్వలేక మొదటి మెట్టు మీదే కూలబడ్డారు.