కాలువ వరస

హిమజకు ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

నీటిపారుదల కార్యాలయంలో ఆమె ఉద్యోగం. కాలువ నీళ్ళు ఎవరికెంత అందాయో కంప్యూటరు తెర మీద బొమ్మగా కట్టింది. జిల్లా మీద నొక్కితే మండలాలు తెరుచుకుంటాయి. మండలం మీద నొక్కితే ఊళ్ళు. ఎక్కడ నొక్కినా గీతలు సమానంగానే లేస్తున్నాయి. అందరికీ నీళ్ళు చాలినట్టే. ఆ బొమ్మను నమ్మి పెద్ద ఇంజనీరు సాయంత్రానికి కాలువకు నీళ్ళు కట్టేయమని చెప్పారు.

బయట ఆవరణలో రైతులు మాత్రం నాట్లు ఎండిపోతున్నాయని గోల పెడుతున్నారు.

హిమజ తనకు పని నేర్పిన వహాబ్ మాస్టారిని పిలిపించుకుంది. ఆయన ఆ కాలువ మీదే పనిచేసి రిటైరయిన ఇంజనీరు.

"పొద్దుట్నుంచీ చూపిస్తూనే ఉన్నాను మాస్టారూ. ఏ ఊరు నొక్కినా అందినట్టే ఉంది. వీళ్ళేమో ఒప్పుకోరు. ఇంకా ఎంత లోపలికి వెళ్ళమంటారు? మడిమడికీ ఓ గీత గియ్యనా?"

మాస్టారు తెర వైపు చూడనే లేదు. "బయటికి రా" అన్నారు.

ఆవరణలోకి వెళ్ళి, "ఎవరి ఊరివాళ్ళు వాళ్ళు ఒకచోట నిలబడండి" అని కేకేశారు.

"మేం నీళ్ళడిగితే తమరు డ్రిల్లు చేయిస్తారా?" అంది కోటేశ్వరమ్మ అనే ముసలి రైతు. అయినా కదిలింది.

"నీళ్ళు అందినవాళ్ళు చేతులెత్తండి."

ప్రతి గుంపులోనూ కొన్ని చేతులు లేచాయి, కొన్ని లేవలేదు. ఎత్తనివాళ్ళు ఎత్తినవాళ్ళ మీద విరుచుకుపడ్డారు. ఒకే ఊరివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అబద్ధాలకోరులని తిట్టుకున్నారు.

హిమజ తల పట్టుకుంది. "చూశారుగా. ఇదీ వీళ్ళ వరస!"

"ఊళ్ళ సంగతి వదిలెయ్యండి" అన్నారు మాస్టారు, ఈసారి ఆయనకూ విసుగొచ్చింది. "పిల్లకాలువ మొదట్లో పొలమున్నవాళ్ళు ఇటు, గేటు దగ్గరికి రండి. చివర పొలమున్నవాళ్ళు అటు, గోడ దగ్గరికి పొండి. మిగతావాళ్ళు మధ్యలో."

సణుక్కుంటూ, తోసుకుంటూ సర్దుకున్నారు.

"ఇప్పుడెత్తండి."

గేటు నుంచి ఆవరణ సగం దాకా చేతులు లేచాయి. అక్కడి నుంచి గోడ దాకా ఒక్క చెయ్యీ లేదు.

తిట్లు ఆగిపోయాయి. హిమజ ఆ చివరివాళ్ళను చూస్తూ ఉండిపోయింది. అన్ని ఊళ్ళవాళ్ళూ ఉన్నారు అక్కడ.

అక్కడే నిలబడి పెద్ద ఇంజనీరుకు ఫోను చేసింది.

"కాలువ కట్టేయకండి సార్. నీళ్ళు అందలేదు."

"ఏ ఊరికి?"

"ప్రతి ఊళ్ళోనూ, పిల్లకాలువ చివరనున్న సగంమందికి."

"నీ బొమ్మలో ఏ ఊరికీ తక్కువ లేదే! పొద్దున ఒకటీ, ఇప్పుడొకటీనా?"

"నీళ్ళు ఊరి దాకా వచ్చాయి సార్" అంది హిమజ. "నా బొమ్మలో నేనూ అక్కడి దాకానే వెళ్ళాను."



"సరే, కాలువ ఉండనీ. మొదటి తూములు మూయించి చివరికి నీళ్ళు పంపిస్తాను" అన్నారు ఇంజనీరు.

ఆ మాట చెప్పగానే గేటు దగ్గరివాళ్ళు గొల్లుమన్నారు. హిమజ మాస్టారి కోసం వెతికింది. ఆయన గోడ దగ్గర కోటేశ్వరమ్మతో మాట్లాడుతున్నారు.

"మళ్ళీ నాటడానికి నారు ఇంకా మిగిలిందా అమ్మా?"