ముడిచిన కాలు

"చూసి వచ్చేస్తాను. పలకరించను కూడా. అదీ తప్పేనా గురువుగారూ?" అని అడిగింది విశాలాక్షి.

కామన్న వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరేం అడిగినా ముందు సముద్రం వైపు చూస్తాడు. నలభై ఏళ్లు వల వేసినవాడు. అందులో చివరి పదేళ్లు చేపలకు కాదు, వలస పిట్టల కాళ్లకు పట్టీలు కట్టే శాస్త్రవేత్తల కోసం. ఇప్పుడు వల మానేసి, చలికాలం ఆదివారాల్లో కాకినాడ తీరం వెంట జనాన్ని నడిపించి ఆ పిట్టల్నే చూపిస్తున్నాడు. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా పని చేసే విశాలాక్షి ఆ విద్య నేర్చుకుంటానని రెండేళ్ల కిందట ఆయన్ని ఆశ్రయించింది. ఆయన మూడో తరగతి దాటలేదు. అయినా ఆమె గురువుగారనే పిలుస్తుంది.

ఆమె అడిగింది కూతురి సంగతి. నీలిమ ఇల్లు విడిచి పదిహేను నెలలైంది. తన ఫోను తల్లి చాటుగా చూస్తోందని తెలిసిన రోజునే వెళ్లిపోయింది. విజయవాడలో ఉందని ఆరా తీసి తల్లి వెళ్లి గుమ్మంలో నిలబడితే, వారం తిరక్కుండా ఆ గది ఖాళీ చేసింది. నెల్లూరులోనూ అంతే, అక్కడైతే ఉద్యోగమే వదులుకుంది. "ఇంకొక్కసారి వచ్చావంటే నేనెక్కడున్నానో ఎవరికీ తెలియనంత దూరం పోతాను" అని ఒక్క మెసేజీ పెట్టి ఊరుకుంది. ఇప్పుడు తిరుపతిలో ఒక హాస్టల్ పేరు దొరికింది. సాయంత్రం బస్సుకు టికెట్టు విశాలాక్షి సంచిలోనే ఉంది.

"సముద్రం పోటు మీదుంది. దిబ్బ దాకా నడుద్దాం పదమ్మా" అన్నాడు కామన్న.

ఆ రోజు వచ్చినవాళ్లు పదకొండు మంది. పోటు వేళ పిట్టలు మేసే బురద నేలంతా నీళ్లలో మునిగిపోతుంది. పొడిగా మిగిలేది ఒక్క ఇసుక దిబ్బ. నాలుగువందల ఉల్లంకి పిట్టలు దాని మీదే ఒంటికాలి మీద నిలబడి, ముక్కు రెక్కలో దూర్చి నిద్రపోతున్నాయి. అంచున ఒక పిట్ట ఒక్కసారి తూలి రెండో కాలు ఆనించింది. దాని కాలికి పచ్చ పట్టీ, దాని మీద మూడక్షరాల గుర్తు. "కె, ఏడు..." అని విశాలాక్షి టెలిస్కోపులో చదువుతూ ఉండగానే అది కాలు మళ్లీ పొట్టలోకి ముడిచేసుకుంది. ఇంకా ఒక్క అక్షరం మిగిలింది. మూడూ తెలిస్తేనే అది ఏ దేశంలో పట్టీ కట్టించుకుందో, ఎక్కడెక్కడ ఆగుతూ వచ్చిందో తెలిసేది.

"ఆధార్ నంబరు అడిగితే నేను కూడా ఇంత బెట్టు చెయ్యనండీ!" అన్నాడు శేషగిరిరావు అనే రిటైరైన ఇంజనీరు. అందరూ నవ్వారు.

"బెట్టు కాదు బాబూ, బడలిక" అన్నాడు కామన్న. "రొమ్ము చూడండి, ఎముక తేలిపోయింది. నిన్నోమొన్నో దిగుంటది. రెండు గంటలు ఓపిక పట్టండి. పోటు తగ్గుద్ది, మేతకి దిగేటప్పుడు అదే దించుద్ది కాలు."

"రెండు గంటలా! మా వ్యాను పదింటికే కదా" అన్నాడు ఇంజనీరు.

"నేను చూసొస్తాను" అంది విశాలాక్షి. పట్టీలు చదివి రాయడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు మంచి పేరు.

"వద్దమ్మా."

"నేనేం చేస్తాను గురువుగారూ? దూరం నుంచే."

కామన్న సముద్రం వైపు చూశాడు.

ఆమె వంగి పది అడుగులు వేసి ఆగింది. పిట్ట ఒక కన్ను తెరిచింది. ఆమె ఇంకో ఐదు వేసింది. అది ముడిచిన కాలు ముడిచినట్టే ఉంచి, ఒంటికాలితో గెంతుతూ కాస్త పక్కకు జరిగింది. "చూశారా, ఎగరలేదు!" అని వెనక్కి తిరిగి మురిసిపోయింది. "మీరంటే చనువేనండీ దానికి!" అన్నాడు ఇంజనీరు. ఆమె మరో అడుగు వేసింది.

దిబ్బ దిబ్బంతా లేచింది.

వాలడానికి ఇంకో చోటు లేదు. నాలుగువందల పిట్టలూ నీళ్ల మీద చుట్లు తిరిగాయి. మూడో చుట్టులో సరుగుడు తోట మీంచి బైరి డేగ వచ్చింది. గుంపు ఒక్కటిగా మలుపు తీసుకుంది. ఒక పిట్ట తీసుకోలేకపోయింది. డేగ కొట్టిన దెబ్బకు అది రాయిలా లోతు తక్కువ నీళ్లలో పడింది. జనం కేకలు వేస్తూ పరుగెత్తేసరికి డేగ దాన్ని వదిలేసి వెళ్లింది.

మోకాటి లోతు నీళ్లలో విశాలాక్షి దాన్ని అందుకుంది. చేతిలో బరువే లేదు. మెడ వాలిపోయింది. రెండు కాళ్లూ బారుగా వేలాడుతున్నాయి.

"కె, ఏడు, ఎన్!" అని వెనక నుంచి చదివాడు ఇంజనీరు. "దొరికిందండీ!" అని, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

"గురువుగారూ, నేను తాకను కూడా లేదు" అంది విశాలాక్షి.

"తాకలేదు" అన్నాడు కామన్న. ఆమె భుజానికి వేలాడుతున్న సంచిలోంచి నోటు పుస్తకం తీసి, తడవకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"రాసుకోమ్మా. ఇంక ఎక్కడికీ పోదు."