పన్నెండు విమానాలు

అనగనగా, పెద్ద యుద్ధం ముగిసి లోకం ఊపిరి పీల్చుకున్న తరువాతి రోజుల్లో, మణిశైలమనే చిన్న రాజ్యం ఉండేది. యుద్ధమైన చాలా ఏళ్ళకు దాన్ని హేమకేతుడు ఏలేవాడు. అతని తాతగారు ఆ యుద్ధంలో పన్నెండు విమానాలతో శత్రువును తరిమికొట్టాడు. యుద్ధం ముగిశాక ఆ విమానాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. పెట్టెల్లో పెట్టి భూమిలో పాతించాడని జనం చెప్పుకునేవారు.

ఆ విమానాల కథలు వింటూ పెరిగిన హేమకేతుడికి ఒక్కటే కోరిక. వాటిని కళ్ళారా చూడాలి.

ఒకనాడు కంఠీరవశాస్త్రి అనే పండితుడు కొలువుకు వచ్చాడు. అతని చేతిలో ఓ అయస్కాంతపు సూది. "మహారాజా! ఇనుమెక్కడుంటే నా సూది అక్కడ తిరుగుతుంది. విమానాలు చూపిస్తాను" అన్నాడు. రాజు పొంగిపోయాడు. వెతుకులాట సాగినన్నాళ్ళూ శాస్త్రికి రాజభోజనం ఏర్పాటయింది. తవ్వడానికి యల్లమందను పిలిపించారు.

యల్లమంద బావులు తవ్వేవాడు. పిడికెడు మట్టి నలిపి చూసి, నేల లోపలి సంగతి చెప్పగలడు.

మొదట శాస్త్రి సూది ఓ వేరుశనగ చేలో గిర్రున తిరిగింది. యల్లమంద గునపంతో చిన్న గొయ్యి తీశాడు. మట్టి చూశాడు.

"ఇక్కడ లేవు ప్రభూ. ఒకసారి తవ్వి పూడ్చిన నేల అతికించిన కుండ లాంటిది. ఎన్నేళ్ళయినా అతుకు తెలిసిపోతుంది. ఈ నేలకు అతుకు లేదు."

"సూది కన్నా నీకెక్కువ తెలుసా?" అని శాస్త్రి కసిరాడు. రాజు తవ్వమన్నాడు. చేనంతా తవ్వితే, పైమట్టిలో బండిచక్రపు ఇనుపపట్టా ఒకటి దొరికింది, అంతే.

రెండోసారి సీతాఫలం తోటలో సూది తిరిగింది. యల్లమంద మళ్ళీ లేవని గొణిగాడు. మళ్ళీ తవ్వించారు. చెట్లు కూలాయి. బావి నీళ్ళు తోడే మోటబాన ఒకటి తుప్పు పట్టి బయటపడింది.

ఆనాడు ఇంటికొచ్చిన యల్లమందకు భార్య తిరపమ్మ గంజి పోస్తూ అంది: "ఉందని ఒక్కమాటు అంటే నీ నోరు అరిగిపోద్దా మావా? ఆ శాస్తుర్లు నేతి గారెలు తింటున్నాడు. నీకేమో తిట్లు."

"బావులోడు నీళ్ళు లేనిచోట ఉన్నాయంటే ఊరి గొంతు ఎండిపోద్ది తిరపా. లేనిదాన్ని ఉందని ఎలా అనను?"

తిరపమ్మ ఇంకో గరిటె గంజి పోసింది. "అలాగైతే గొణక్కు. గట్టిగా చెప్పు" అంది.

మూడోసారి సూది మొగలిపాలెంలో తిరిగింది. అది గిన్నెలు చేసే కంచరుల ఊరు. ఇంటింటా ఇనుప సుత్తులు, ఇనుప దాగళ్ళు. సూది తిరగక ఏం చేస్తుంది?

"ఈ అరవై ఇళ్ళ కిందే పన్నెండు విమానాలూ ఉన్నాయి. ఇళ్ళు పడగొట్టించండి మహారాజా!" అన్నాడు శాస్త్రి. ఎందుకో, ఏమిటో ఎవరూ చెప్పకుండానే భటులు జనాన్ని ఇళ్ళలోంచి బయటికి పంపసాగారు. పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

యల్లమంద రాజుకు ఎదురుగా వెళ్ళి గొంతెత్తాడు. "ఇక్కడ లేవు ప్రభూ!"

రాజుకు కోపం వచ్చింది. "నీ నోట ఉందనే మాటే రాదా?"

"ఉంటే వస్తుంది ప్రభూ. ఇళ్ళు కూల్చకముందు నడివీధిలో ఒక్క గొయ్యి తీయనివ్వండి. పన్నెండు విమానాలు పాతిన గొయ్యి వీధిని తాకకుండా ఉండదు. నేలలో అతుకు కనబడితే నా గునపం ఏట్లో పారేసి, పొలిమేర దాటిపోతాను."

రాజు ఒప్పుకున్నాడు. యల్లమంద నిలువున్నర లోతు తవ్వాడు. రాజు తానే నిచ్చెన వేసుకుని గోతిలోకి దిగాడు. పైన నల్లరేగడి, దాని కింద ఎర్రమన్ను, ఆ కింద తెల్లటి సుద్ద. పూతరేకుల్లా పొరమీద పొర, ఏ పొరా చెదరలేదు. ఆ నేలను ఎన్నడూ ఎవరూ తవ్వలేదు.

రాజు అక్కడే చతికిలబడ్డాడు. "నువ్వన్నదే నిజం యల్లమందా. మా తాతగారి విమానాలు ఇక దొరకవన్నమాట" అన్నాడు దిగులుగా.

గోతి ఒడ్డున నిలబడ్డ చింతాలమ్మ అనే ముసలావిడ ఆ మాట విని పకపకా నవ్వింది. "విమానాలా? ఇంత రభసా వాటికోసమా నాయనా! ఆ ముక్క ముందే అడిగితే పోయేది కదా!"

రాజు గబగబా పైకొచ్చాడు.

"మీ తాతగారు వాటిని పాతించలేదయ్యా. బళ్ళకెత్తించి మా ఊరికి తోలించాడు. నేనప్పుడు మా అయ్యకు కొలిమితిత్తి ఊదేదాన్ని. 'యుద్ధం అయిపోయింది. ఇక వీటిలో అన్నం ఉడకాలి' అన్నాడాయన. పాతిపెట్టామన్న మాట పొరుగురాజులు జంకడానికి పుట్టించిన పుకారు."

ఆమె ఇంట్లోంచి పెద్ద సత్తు డేగిసా పట్టుకొచ్చి తిరగేసింది. అడుగున విమానపు రెక్క మీది అంకె, మేకుల చుక్కల వరుస ఇంకా కనబడుతున్నాయి. అది చూసి ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు గిన్నెలూ, మూతలూ, గరిటెలూ తెచ్చి వీధిలో పేర్చారు. ఎండకు వీధంతా తళతళలాడింది.

రాజు ఆ డేగిసాను చిన్నపిల్లాడిలా ఒడిలో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే విరగబడి నవ్వాడు. "ఈ ఇళ్ళు కూల్చి ఉంటే, వెతికేవాటినే చేతులారా మట్టిపాలు చేసి ఉండేవాణ్ణి!" అన్నాడు.

ఆ పూట విమానాల గిన్నెల్లోనే ఊరందరికీ పాయసం వండారు. తిరపమ్మను కూడా బండి పంపి పిలిపించారు. శాస్త్రికి చేలోనూ, తోటలోనూ గోతులు పూడ్చి, సీతాఫలం మొక్కలు నాటే పని అప్పగించారు. ఇకమీదట రాజ్యంలో ఎక్కడ గునపం దిగాలన్నా ముందు యల్లమంద మాట వినాలని రాజు చాటింపు వేయించాడు.

కాబట్టి పిల్లలూ, ఉందని పలికే నూరు అబద్ధాల కన్నా, లేదని చెప్పే ఒక్క నిజం మేలు.